డ్యామ్ నీళ్లు ఏ లోతులోంచి వస్తున్నాయి?

డ్యామ్ గేట్లు ఎత్తారనగానే అందరూ అడిగేది ఒక్కటే, ఎన్ని క్యూసెక్కులు వదిలారని. ఆ నీళ్లు జలాశయంలో ఏ లోతు నుంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగరు. కానీ దిగువన ఉండే చేపకీ పురుగుకీ ఆ ప్రశ్నే ముఖ్యం అంటాను నేను.

లోతైన జలాశయం ఎండాకాలంలో పొరలుగా విడిపోతుంది. పైన ఎండకు వేడెక్కిన తేలిక నీళ్లు, అడుగున చల్లటి బరువైన నీళ్లు, మధ్యలో కొన్ని మీటర్ల లోతులోనే వేడి గబగబా పడిపోయే ఒక పొర. గాలి ఎంత వీచినా పై నీళ్లు, కింది నీళ్లు కలవవు. కాబట్టి అడుగు పొరకి గాలీ అందదు, వెలుతురూ అందదు. పైనుంచి చచ్చిన నాచు రాలుతూ ఉంటుంది, మునిగిపోయిన చెట్లూ ఆకులూ కుళ్లుతూ ఉంటాయి, వాటిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ తినేస్తుంది. అసలు గొడవ అక్కణ్నుంచే మొదలు. ఆక్సిజన్ అయిపోగానే, అప్పటిదాకా అడుగు మట్టిని అంటిపెట్టుకుని ఉన్న ఇనుము, మాంగనీసు, ఫాస్ఫరస్ నీళ్లలోకి వచ్చేస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుడుతుంది, కుళ్లిన కోడిగుడ్ల వాసన దానిదే. టర్బైన్‌కి నీళ్లు లాగే గొట్టం సరిగ్గా ఈ పొరలో ఉందనుకోండి, ఇదంతా నేరుగా నదిలోకే. బయట గాలి తగిలాక ఇనుము మళ్లీ విడిపోయి రాళ్ల మీద తుప్పు రంగులో పేరుకుంటుంది, మాంగనీసైతే నల్లగా.

ఇక చల్లదనం సంగతి. ఆస్ట్రేలియాలో దీన్ని ఏకంగా కాలుష్యం కిందే లెక్కేస్తారు, 'చల్లనీటి కాలుష్యం' అని. అక్కడి మర్రే కాడ్ చేప వసంతంలో నీళ్లు సుమారు 15 డిగ్రీలు దాటి వేడెక్కుతుంటే గుడ్లు పెడుతుంది. డ్యామ్ అడుగు నీళ్లు వదిలితే ఆ కబురు దానికి సమయానికి అందదు. మక్వారీ నది మీద బరెండాంగ్ డ్యామ్‌లో 2014లో నీళ్లు తీసుకునే టవర్ చుట్టూ పెద్ద పరదా వేలాడదీశారు, పై పొర నీళ్లు లోపలికి వచ్చేలా. చలికాలంలో కథ తిరగబడుతుంది, అడుగు నీళ్లు మామూలు నది కంటే వెచ్చగా వస్తాయి. ముందు గడ్డకట్టేంత చలి తగిలి, తర్వాత వేడి పెరిగితేనే గుడ్లు పగిలి పిల్లలయ్యే నీటి పురుగులు కొన్ని ఉంటాయి, వాటికి ఆ లెక్కంతా తప్పుతుంది.

సరే, పైనుంచి స్పిల్‌వే మీదుగా వదిలేస్తే పోతుంది కదా? అందులోనూ చిక్కుంది. ఎత్తు నుంచి పడే నీళ్లు గాలిని తమతోపాటు లోతుకి ఈడ్చుకుపోతాయి, అక్కడి ఒత్తిడికి నైట్రోజన్ మోతాదుకి మించి కరిగిపోతుంది. ఆ నీళ్లలో తిరిగిన చేప పైకి వస్తే, సోడా మూత తీసినట్టే, దాని రక్తంలో బుడగలు లేస్తాయి. రెక్కల్లో, కళ్ల దగ్గర బొబ్బల్లా కనబడతాయి. అమెరికాలోని కొలంబియా నదిలో సాల్మన్ చేపలు ఇలాగే చచ్చాయి. తర్వాత అక్కడి స్పిల్‌వేల కింద కాంక్రీటు అంచులు కట్టి, నీళ్లు లోతుకి దూకకుండా పైపైనే జారేలా చేశారు.

గొట్టాన్ని ఒకే లోతులో బిగించేయడమే అన్నిటికంటే పెద్ద తప్పు అనిపిస్తుంది నాకు. కాలిఫోర్నియాలోని షాస్టా డ్యామ్‌కి 1997లో వేర్వేరు లోతుల నుంచి నీళ్లు తీసుకునే ఏర్పాటు తగిలించారు, సాల్మన్ గుడ్లకి 13 డిగ్రీలకి అటూఇటూగా చల్లదనం కావాలి కాబట్టి. ఆ ఏర్పాటుకీ హద్దుంది. 2014, 2015 కరువులో చల్లటి నీళ్లే అడుగంటాయి, శీతాకాలంలో నదిలోకి వచ్చే సాల్మన్ రకం గుడ్లూ పిల్లలూ దాదాపు అన్నీ పోయాయి.

అమెరికాలోనే కొలరాడో నది మీదున్న గ్లెన్ కాన్యన్ డ్యామ్‌ది మరీ విచిత్రం. 1963కి ముందు అక్కడ కొలరాడో నది ఒండ్రుతో ఎర్రగా పారేది, చలికాలంలో 0 డిగ్రీల దగ్గర, వేసవిలో 27 దాటేది. డ్యామ్ వచ్చాక ఏడాది పొడుగునా 8–10 డిగ్రీల తేట నీళ్లే, ఎందుకంటే రిజర్వాయర్ నిండుగా ఉంటే గొట్టాలు సుమారు 70 మీటర్ల లోతున ఉంటాయి. వెచ్చటి నీళ్లకి అలవాటుపడ్డ హంప్‌బ్యాక్ చబ్ చేప ఉపనదిలోకి పోయి గుడ్లు పెట్టుకోవాల్సి వచ్చింది, బయటి నుంచి తెచ్చి వదిలిన ట్రౌట్ మాత్రం హాయిగా పెరిగింది. ఇప్పుడు కరువుతో నీటిమట్టం పడిపోయి, వేడెక్కిన పై పొర గొట్టాల దగ్గరికి దిగింది. చబ్‌కి మంచిదే కదా అనుకునేలోపు, 2022లో డ్యామ్ కింద స్మాల్‌మౌత్ బాస్ పిల్లలు పెట్టడం మొదలెట్టింది. ఇది కూడా అక్కడి చేప కాదు, పైగా చబ్‌ని తినేస్తుంది. దాంతో 2024లో ఇంకా లోతున ఉన్న వేరే గొట్టాల నుంచి కావాలనే చల్లటి నీళ్లు కలిపి వదిలారు. ఆ గొట్టాలకి టర్బైన్లు లేవు, వాటిలోంచి పోయిన ప్రతి చుక్కా కరెంటు లెక్కలో నష్టమే, అందుకే కరెంటు కొనేవాళ్లకి ఆ పని అస్సలు నచ్చలేదు.