ఎవరి జడకు చేస్తున్నాం?

చేతితో జడ అలంకరణలు చేసి అమ్మాలనుకునేవారు నన్ను మొదట అడిగేది సామాను ఎక్కడ చవకగా దొరుకుతుందనే. విజయవాడ వన్‌టౌన్‌లోనూ, హైదరాబాదు బేగంబజారులోనూ పూసలు, క్లిప్పులు, లేసులు, ఎలాస్టిక్ టోకున దొరుకుతాయి కాబట్టి, అది పెద్ద చిక్కు కాదు. మనం చేసే వస్తువు ఎవరి జడకు అన్నది ముందుగా తేల్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే బరువు, జుట్టు మీద పట్టు, ధర, అమ్ముడయ్యే నెల, అన్నీ ఆ ఒక్క నిర్ణయాన్ని బట్టే ఉంటాయి.

బడికి వెళ్లే ఆడపిల్లనే తీసుకుందాం. కొబ్బరినూనె రాసి బిగించి అల్లిన జడ మీద నున్నటి లోహపు క్లిప్పు సాయంత్రందాకా నిలవదు. క్లిప్పు లోపలి వైపు సన్నటి వెల్వెట్ రిబ్బను అంటిస్తే జారదు, వెంట్రుకలూ తెగవు. మూడేళ్లలోపు పిల్లలకైతే నేను పూసలు, రాళ్లు అసలు వాడను. ఊడిన పూస నోట్లోకి వెళ్లే ప్రమాదం ఉన్నప్పుడు ఎంత అందమైన నమూనా అయినా పక్కన పెట్టవలసిందే. ఎలాస్టిక్ మరీ బిగుతుగా ఉంటే నుదుటి దగ్గర లేత జుట్టు రాలిపోతుంది. ఆ సంగతి కొనే తల్లికి చెప్పడం కూడా మన పనిలో భాగమే.

కాలేజీ అమ్మాయిలలోనూ ఉద్యోగినులలోనూ స్క్రంచీలు, అంటే గుడ్డ లోపల ఎలాస్టిక్ పెట్టి కుట్టిన జుట్టు బ్యాండ్లు, బాగా అమ్ముడుపోతాయి. నాలుగున్నర అంగుళాల వెడల్పు, ఇరవై రెండు అంగుళాల పొడవు ఉన్న గుడ్డముక్క, ఏడెనిమిది అంగుళాల ఎలాస్టిక్ ఉంటే ఒకటి తయారవుతుంది. జాకెట్లు కుట్టేవారి దగ్గర మిగిలే మంగళగిరి, పోచంపల్లి, కలంకారీ కటింగు ముక్కలు దీనికి చక్కగా సరిపోతాయి. అయితే జరీ అంచు మాత్రం వెంట్రుకలను పట్టి లాగుతుంది. కనుక జుట్టుకు తగిలే మధ్యభాగానికి సాదా గుడ్డ ఉంచి, జరీని బయటి అంచుకు వచ్చేలా కత్తిరించుకోవాలి.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పూలజడ. మల్లెమొగ్గలతో కుట్టిన జడ అందం దేనికీ రాదు గాని అది ఒక్క పూటకే వాడిపోతుంది. అందుకే ఓణీల వేడుకకు, సీమంతానికి, పెళ్లికి గుడ్డపూలతో చేసిన జడలు అడిగేవారు పెరుగుతున్నారు. కూచిపూడి నేర్చుకునే పిల్లలకూ జడసామాను కావాలి. భామాకలాపంలో సత్యభామ తన జడను తెర మీదుగా వేసి సభకు సవాలు విసిరే సంప్రదాయం ఉందంటే ఆ నాట్యంలో జడకు ఎంత ప్రాధాన్యముందో తెలుస్తుంది. అడుగు వేసినప్పుడల్లా ఊగే జడ మీద అలంకరణ కదలకుండా ఉండాలంటే జిగురును నమ్ముకోకూడదు. గ్లూ గన్‌తో అంటించినవి మన ఎండలకు మెత్తబడి ఊడిపోతాయి. ప్రతి పువ్వునూ దారంతో కుట్టి, వెనుక కొన్ని అంగుళాలకొకటి చొప్పున కట్టుకోవడానికి నల్లదారాలు పెట్టాలి. చివర వేలాడే జడకుప్పెలు బరువైతే మెడ లాగేస్తుంది కనుక లోపల దూదితో తేలికగా చేయడమే మేలు.

ఇక ధర. ఒక పూలజడకు సామాను రూ. 450 అయిందనుకుందాం, అయిదు గంటలు కుట్టామనుకుందాం. గంటకు రూ. 80 చొప్పున మన కూలి వేసుకున్నా అసలు ఖర్చే రూ. 850 అవుతుంది. దానిని రూ. 600కు ఇచ్చి "ఇంట్లో ఖాళీగా ఉండి చేసుకున్నదే కదా" అనుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆడవారి చేతిపనికి వెల లేదనే ఆలోచన బయటివారి కంటే ముందు మన లెక్కల పుస్తకంలోనే పోవాలి. బేరమాడేవారికి ధర తగ్గించే బదులు, తక్కువ పూలతో చిన్న జడ చూపించవచ్చు.

పెట్టుబడికి తొందరపడి అప్పు చేయనక్కరలేదు. అవసరమైతే చిన్న వ్యాపారాలకు రుణాలిప్పించే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలోని శిశు విభాగం కింద రూ. 50,000 వరకు బ్యాంకు రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యం నమోదు, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే మధ్యవర్తులకు పైసా ఇవ్వవద్దు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆ నెలలో చాలామంది పని ఆపేస్తారు. నిజానికి సరుకు సిద్ధం చేసుకోవలసిన నెల అదే. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతానికి, పెళ్లిళ్లకు ఒక్కసారిగా అడుగుతారు. ఆ వెనుకే బతుకమ్మ, దసరా వస్తాయి. అప్పుడు రాత్రులు మేలుకుని హడావిడిగా కుట్టిన జడలో కుట్లు వదులవుతాయి. అందుకే ఆషాఢంలో పూలు, రేకులు, కుప్పెలు విడివిడిగా చేసి డబ్బాల్లో పెట్టుకుని, చీర రంగు తెలిశాక జడ మీద అమర్చడం నేను పాటించే పద్ధతి. కొత్తగా మొదలుపెట్టేవారికి కూడా ఇదే చెబుతున్నాను.