లక్షెట్టిపేటలో ఐదో గేరు

ఫోన్‌లో ఫొటో చూడగానే మనసు లాగింది. ఎర్ర ట్యాంకు, గుండ్రటి హెడ్‌లైటు, పక్కన తెల్ల చారలు. యమహా ఆర్‌ఎక్స్ 100, 1994 మోడల్, సింగిల్ ఓనర్, అరవై అయిదు వేలు. బండి లక్షెట్టిపేటలో ఉందట. హనుమకొండ నుంచి అంత దూరం ఓ పాత బండి కోసమా అని ఇంట్లో నసుగుడు మొదలైంది గానీ, మంచిర్యాలలో మా మేనమామ ఉన్నాడు. సింగరేణిలో ఫిట్టర్‌గా చేసి రిటైరైనోడు. చుట్టపుచూపు, బండి చూపు రెండూ ఒక్క రోజులో అయిపోతాయని సర్దిచెప్పాను.

ఆదివారం పొద్దున కాజీపేటలో రైలెక్కాను. జమ్మికుంట, పెద్దపల్లి దాటేదాకా నిద్రే. రామగుండం పొగగొట్టాలు కనపడ్డాక లేచి కూర్చున్నాను, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే గోదావరి బ్రిడ్జిని నిద్రలో దాటితే నాకు ప్రయాణం చేసినట్టే ఉండదు. ఎండాకాలం కదా, నది సగం ఇసుకే. ఎవరో పెద్దమ్మ కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరింది. అది నీళ్లలో పడ్డదో ఇసుకలో పడ్డదో దేవుడికెరుక.

మామ స్టేషన్ బయట స్కూటీ మీద ఉన్నాడు. డిక్కీలో స్పానర్లు, గుడ్డపీలిక, ఓ నల్ల డబ్బా.

"గదేంది మామా?"

"వెర్నియర్, మిల్లీమీటర్లు కొలిచేది. బండి చూడవోతున్నం గద, పెండ్లిపిల్లను గాదు. నోటితోని చెప్పింది నమ్మితె ఎట్ల?"

హాజీపూర్ మీదుగా పోతుంటే దారిపొడవునా పాఠం. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి చేశారు. 1996లో ఆపేశారు. పొగ నిబంధనలు బిగిశాక దాని చోట్లోకి ఆర్‌ఎక్స్ 135 వచ్చింది. "అందుకే ఎవడన్న 2001 మోడల్ ఆర్‌ఎక్స్ 100 అన్నడనుకో, బండి సూడకుంటనే వాపస్ రావొచ్చు. 94 అన్నడు గాబట్టి పోతున్నం," అన్నాడు. ఏటి సంగతిలో ఇంకో మెలిక కూడా ఉంది. ఆర్‌సీలో తయారైన నెల, ఏడు ఒకచోట ఉంటాయి, రిజిస్ట్రేషన్ తేదీ ఇంకోచోట. డిసెంబర్‌లో ఫ్యాక్టరీ దాటిన బండి ఫిబ్రవరిలో అమ్ముడైతే, అమ్మేటోడు ఎప్పుడూ రెండో ఏడే చెప్తాడు. నంబర్ ప్లేటు చూసి వయసు కట్టేది అందుకే సగం గుడ్డిలెక్క.

కొత్త బండ్లయితే చాసిస్ మీద పదిహేడు అక్షరాల నంబరు ఉంటుంది. అంతర్జాతీయ పద్ధతిలో అందులో పదో అక్షరం మోడల్ ఏడు చెప్తుంది, కానీ మన కంపెనీలన్నీ ఆ వరస పాటించవు. పాత ఆర్‌ఎక్స్‌కి ఆ గొడవే లేదు. నంబరు 1ఎల్1 అని మొదలవుతుంది, తర్వాత అంకెలు. ఇక మిగిలిందంతా ఇనుమునే అడగాలి.

బండి అమ్మే అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. మర్యాదస్తుడు. కుర్చీలు వేశాడు, చల్లటి నీళ్లిచ్చాడు, ఆర్‌సీ చేతిలో పెట్టాడు. తయారీ 1994, సీసీ 98. హ్యాండిల్ మెడ దగ్గర గుడ్డతో తుడిస్తే చాసిస్ నంబరు తేలింది, ఆర్‌సీతో అంకె అంకె కలిసింది. నాకు అక్కడే సగం బేరం అయిపోయింది. ఇంజిన్ నంబరు దగ్గర మాత్రం గ్రీజు, మట్టి కలిసి ముద్దకట్టి ఉంది.

"ఓ రౌండు కొట్టి వస్త అన్నా," అన్నాను. ఆగలేక.

ఊరు దాటాక రోడ్డు ఖాళీ. ఆ సప్పుడు! చెవిలో కాదు, పక్కటెముకల్లో వినిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అలవాటు కొద్దీ కాలు ఇంకోసారి కదిలింది. గేరు పడింది. సంతోషంలో నాకేం తట్టలేదు. తిరిగొచ్చి "మస్తు పోతుంది మామా, అయిదో గేర్ల అయితే గాలే" అన్నాను.

మామ ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎన్నో గేర్ల?"

ఆర్‌ఎక్స్ 100కి ఉండేవి నాలుగే గేర్లు. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ బండి మీద మోజు పడ్డాక లెక్కలు ఎక్కవు. అయిదోది పడిందంటే ఇంజిన్ 135ది అయి ఉంటుందని మామ అనుమానం.

అమ్మే అబ్బాయి ఒప్పుకోలేదు. "గేర్‌బాక్స్ మార్చిండ్రేమో అన్నా, ఇంజిన్ మాత్రం వందదే" అన్నాడు. అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు నాకు. మూడేళ్ల కింద తనూ ఇట్లాగే మాట మీద కొన్నాడట. మరి సింగిల్ ఓనర్ ఎట్లయిండని మేము అడగలేదు. అడగాల్సింది.

"విప్పి చూస్తె తెలుస్తది, నీకేమన్న అభ్యంతరమా బిడ్డా?" అన్నాడు మామ. ఇంజిన్ కాగి ఉంది కాబట్టి ఇంకో ఛాయ్ అయ్యేదాకా ఆగాం. కాగిన హెడ్, అంటే సిలిండర్ మీది మూత, విప్పితే వంగుతుందని మామ భయం. ఈలోపు నా తెలివి నేను చూపించబోయాను. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి పుల్ల పెట్టి, పిస్టన్ ఎంత దిగుతుందో కొలిస్తే సరిపోదా, హెడ్ విప్పడం దేనికి అన్నాను. మామ నవ్వాడు. 100కైనా 135కైనా ఆ దిగుడు 50 మిల్లీమీటర్లేనట. తేడా అంతా సిలిండర్ వెడల్పులో ఉంది. 100కి వెడల్పు కూడా 50. 135కి 58. అయిదు సెంటీమీటర్ల వెడల్పు, అయిదు లోతు కట్టుకుంటే 98 సీసీ. వెడల్పు 5.8 చేస్తే 132. ఎనిమిది మిల్లీమీటర్లకే అంత తేడా, ఎందుకంటే వెడల్పును వెడల్పుతోనే గుణించాలి.

నాలుగు నట్లు, హెడ్ పైకి లేచింది. పిస్టన్ మీద బొగ్గు పేరుకుని ఉంది. పీలికను పెట్రోల్‌తో తడిపి రుద్దితే వెండిరంగు తేలింది, మధ్యలో చిన్నగా పంచ్ చేసిన అంకె: 50.

అబ్బాయి ముఖం వెలిగిపోయింది. "చూడుండ్రి! యాభై! నేను చెప్పిన గద!"

మామ తొందరపడలేదు. వెర్నియర్ లోపలి దవడలు సిలిండర్‌లో పెట్టి, కాస్త తెరిచి, స్క్రూ బిగించి బయటికి తీశాడు. నన్నే చదవమన్నాడు. 58.5.

"గా యాభై వెడల్పు గాదు బిడ్డా. సిలిండర్ అరిగితె అర మిల్లీ బోరు కొట్టి పెద్ద పిస్టన్ ఏసిండ్రు. పాయింట్ అయిదు సున్న. యాభయ్యెనిమిదిల అర కలుపు."

అందరం కాసేపు ఆ రంధ్రంలోకే చూశాం. తర్వాత కిరసనాయిలు పోసి ఇంజిన్ నంబరు మీద ముద్ద కడిగాం. ఆర్‌సీలోని నంబరుతో ఒక్క అంకె కూడా పొంతన లేదు. ఇంజిన్ మార్చడం నేరమేం కాదు, ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీద ఎక్కించుకుంటే. దీనికి ఎవరూ ఎక్కించలేదు. రేపు ఎక్కడన్నా ఆపి చూస్తే, ఆ ఇంజిన్ ఎవరి బండిదని అడిగితే, నా దగ్గర ఏం జవాబుంటుంది?

సగానికి సగం తగ్గిస్తానన్నాడు. మనసు ఊగింది, అబద్ధం చెప్పను. ఆ అయిదో గేరు ఇంకా పక్కటెముకల్లోనే ఉంది. మామ నా వైపు చూడకుండా వెర్నియర్ తుడిచి డబ్బాలో పెట్టేశాడు. వద్దన్నాను.

హెడ్‌ను, దాని కింది పల్చటి గాస్కెట్‌తో సహా, తిరిగి బిగించబోతే మామ ఆపాడు. "ఒకసారి విప్పినంక పాత గాస్కెట్ పనికిరాదు. విప్పిపిచ్చింది మనం. పోయి తే పో."

ఆదివారం కావడంతో లక్షెట్టిపేటలో సగం షాపులు మూసే ఉన్నాయి. బస్టాండు దాకా నడిచాను, రెండు చోట్ల లేదన్నారు, మూడో చోట ఉంది.

"ఏ బండికి?" అడిగాడు షాపాయన.

"వన్ థర్టీ ఫైవ్," అన్నాను.