సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్ తుది జాబితాలో నా నంబరు: అనంతపురం నుంచి కొన్ని మాటలు

తమ్ముళ్లూ, నిన్న సాయంత్రం జాబితాలో నా నంబరు చూసుకున్నప్పటి నుంచి ఫోను ఆగడం లేదు. అందరిదీ ఒకే ప్రశ్న, ఏ పుస్తకాలు చదివావు అని. ఇంటర్ తెలుగు అకాడమీ పుస్తకాలు, జీకేకి రోజూ దినపత్రిక. అంతే. సిలబస్, నెగెటివ్ మార్కుల సంగతి మీకు తెలియనిది కాదు. నేను చెప్పదలచింది వేరు.

పీటీసీ (పోలీసు శిక్షణ కళాశాల) గ్రౌండులో మాతో పరుగెత్తేవాళ్లలో ఎక్కువమంది జనరల్ డ్యూటీకి, అంటే మామూలు సిపాయి ఉద్యోగానికి, దరఖాస్తు చేసినవాళ్లే. "సైన్యంలో చేరి కాంపౌండరు పని చేస్తావా?" అని నవ్వేవారు. నాకు జవాబు తోచేది కాదు. అటు రక్తప్రసరణ పాఠం ఎన్నిసార్లు చదివినా బుర్రలో నిలిచేది కాదు. ఈ రెండు జబ్బులకూ మందు ఒకే చోట దొరికింది.

ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి రిటైరైన హవల్దార్ సార్ ఒకాయన రోజూ అక్కడికి నడకకు వచ్చేవారు. ఒకరోజు నన్ను వేపచెట్టు కింద కూర్చోబెట్టి, నా తువాలు తొడ పైభాగంలో చుట్టి, ముడిలో కర్రముక్క దూర్చి మెలిపెట్టారు. "పాదం మీద నాడి చూసుకో" అన్నారు. నా వేళ్ల కింద కొట్టుకుంటున్న నాడి మెల్లగా సన్నబడి ఆగిపోయింది. కర్ర వదులు చేయగానే మళ్లీ తగిలింది. "తొడలో పెద్ద ధమని తెగితే మనిషి నిమిషాల్లో పోతాడు. అక్కడికి డాక్టరు రాడు, నువ్వే వెళ్లాలి. కట్టిన సమయం రాసిపెట్టాలి, కీలు మీద కట్టకూడదు." ఆ తరువాత ధమనుల మీద ఏ ప్రశ్న వచ్చినా నేను తడబడలేదు. (మీరు మాత్రం సరదాకి ఇది ప్రయత్నించకండి.)

ఆయన చెబితేనే 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ గురించి చదివాను. కొరియా యుద్ధానికి మన దేశం పోరాట దళాలను పంపలేదు, 1950లో ఈ వైద్య దళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకుడు. ఆ డిసెంబరులో ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ నుంచి ఐక్యరాజ్యసమితి సేనలన్నీ వెనక్కి తగ్గుతుంటే, పరికరాలను వదులుకోలేక వీళ్లు ఒక పాత ఆవిరి ఇంజన్ను వెతికి పట్టుకుని, తామే నడిపించుకుని దక్షిణానికి చేరారు. 1951 మార్చి 23న మున్సాన్ దగ్గర అమెరికన్ సైనికులతో పాటు పారాచూట్లతో దిగారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర వచ్చింది. కాంపౌండర్లట!

అమెరికన్ వైద్య సైనికుడు డెస్మండ్ డాస్ కథ ఇంకా వింత. తుపాకి ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి. 1945లో ఒకినావాలో గాయపడినవాళ్లను కొండ అంచు నుంచి తాడుతో ఒక్కొక్కరినే కిందికి దించాడు. అలా 75 మందిని కాపాడినట్టు ఆయనకిచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్ పతక ప్రశస్తిలో ఉంది. తరువాత గ్రెనేడుకు తానే గాయపడి స్ట్రెచర్ ఎక్కినా, తనకన్నా ప్రమాదంలో ఉన్నవాణ్ని చూసి దిగిపోయి, ముందు అతణ్ని తీసుకెళ్లమన్నాడు. ఆ తరువాత తూటా తగిలి చేయి విరిగితే, తుపాకి మడమనే బద్దగా కట్టుకుని పాకుతూ వెళ్లాడు. తుపాకి ఆయనకు పనికొచ్చింది అలా!

మన మేజర్ లైష్రామ్ జ్యోతిన్ సింగ్‌ది 2010 నాటి సంగతి. కాబూల్‌లో అతిథి గృహంపై దాడి జరిగినప్పుడు ఆ డాక్టరు వట్టి చేతులతో ఆత్మాహుతి దుండగుణ్ని అదిమిపట్టి, సహచరులను కాపాడి ప్రాణాలు విడిచారు. మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు.

"మార్కులు రాని చదువు ఎందుకు?" అని మా గదిలోవాళ్లు విసుక్కునేవారు. నిజమే, పరీక్షలో వీటి మీద ఒక్క ప్రశ్నా రాలేదు. కానీ మే నెల ఎండలో చివరి రౌండుకు కాళ్లు మొరాయించినప్పుడు నన్ను పరుగెత్తించింది మాక్ టెస్ట్ మార్కులు కావు. మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లకపోతే పొగరన్నారు. అననివ్వండి. తెల్లవారుజామున లేవడానికి బద్ధకించేవాడు అర్ధరాత్రి స్ట్రెచర్ మోస్తాడా? ఫోను పక్కన పెట్టలేనివాడు గుండ్ల వానలో గాయం మీద చేయి అదిమి ఉంచగలడా? కటువుగా అనిపిస్తే అనిపించనీ, నేను మాత్రం ఈ మాట వెనక్కి తీసుకోను.

పరుగు, పుల్‌అప్‌ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను అడగండి. మెడికల్‌కు వెళ్లేముందు మాత్రం చెవుల్లో గులిమి డాక్టరు చేత తీయించుకోండి. పరుగులో ముందు నిలిచినవాళ్లను కూడా దానికోసం ఆపేశారు.