ఈ రాళ్లెందుకని పిల్లలు అడిగితే

యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం మన సండే స్కూళ్లలో పెద్దగా వినపడదు. మూడో అధ్యాయంలో ఇశ్రాయేలీయులను యొర్దాను నది దాటిస్తాం, అక్కడి నుంచి నేరుగా ఆరో అధ్యాయానికి వెళ్లి యెరికో గోడలు కూల్చేస్తాం. పిల్లలకు గోడలు కూలడం ఇష్టం, టీచర్లకు బూరలు ఊదించడం ఇష్టం. మధ్యలో రాళ్ల సంగతి ఉండిపోతుంది. (ఐదో అధ్యాయం దాటేయడం మాత్రం మంచిదే. అందులో ఉన్న సున్నతి సంగతి యూకేజీ పిల్లలకు వివరించే ధైర్యం నాకైతే లేదు.) కానీ మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు బైబిలు కథలు చెప్పేవాళ్లు అన్నిటికన్నా ముందు చదువుకోవాల్సింది ఈ నాలుగో అధ్యాయమే అంటాను.

జరిగింది చిన్న పనే. దేవుడు యొర్దాను నీళ్లు ఆపితే, యెహోషువ నాయకత్వంలో జనమంతా నది దాటారు. గోత్రానికి ఒకడు చొప్పున పన్నెండు మంది వెనక్కి వెళ్లి, మందసం (దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె) మోసే యాజకులు నది మధ్యలో నిలబడ్డ చోటి నుంచి తలో రాయి భుజాన వేసుకొచ్చారు. యెహోషువ వాటిని గిల్గాలులో నిలబెట్టించాడు. ఎందుకంటే, రేపు మీ పిల్లలు "ఈ రాళ్లెందుకు?" అని అడుగుతారు, అప్పుడు చెప్పండి అన్నాడు. ఆరో వచనంలో ఒకసారి, ఇరవై ఒకటో వచనంలో మళ్లీ ఒకసారి. ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా ఆచారం గురించి నిర్గమకాండం పన్నెండో అధ్యాయంలో చెప్పిందీ ఇదే వరసలో ఉంటుంది: ఇదేమిటని పిల్లలు అడిగినప్పుడు మీరు చెప్పాలి. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం చివర్లోనూ అంతే.

అడిగేది పిల్లవాడు, చెప్పేది పెద్దవాడు. మన క్లాసుల్లో ఇది తిరగబడింది. కథ మనమే చెప్తాం, ప్రశ్నా మనమే అడుగుతాం, జవాబు కూడా ముందే నేర్పేసి ఉంచుతాం. "ఓడ ఎవరు కట్టారు?" "నోవహూ!" "గుడ్! చప్పట్లు కొట్టండి." ఆ అరుపుల మధ్య ఒక పిల్లాడు నోరు తెరిచి ఏదో అడగబోయాడా లేదా అన్నది ఎవరూ చూడరు. క్రిస్మస్ ప్రోగ్రాం దగ్గరపడితే ఇంకా టెన్షన్. ఎవరి పిల్లలు ఎన్ని వాక్యాలు అప్పజెప్పారన్నదే లెక్క. బంగారు వాక్యం, అంటే కంఠతా పట్టించే బైబిలు వచనం, వద్దని నేననను. చిన్నప్పుడు నోటికి వచ్చిన వాక్యం ముసలితనంలో కూడా నాలుక మీదే ఉంటుంది, మా వైపు అమ్మమ్మలను చూస్తే తెలుస్తుంది. అయితే ప్రశ్న పుట్టకముందే జవాబు కంఠతా పట్టించడం గిల్గాలు పద్ధతి కాదు.

గోదావరి డెల్టాలో ఈ కథకు ఇంకో బలం ఉంది. కోతకాలమంతా యొర్దాను గట్ల మీదుగా పొర్లి పారుతుందని మూడో అధ్యాయం పదిహేనో వచనంలో ఉంది. అక్కడ హెర్మోను కొండ మంచు కరిగి ఏరు పెరిగేది వసంతకాలంలో. మనకు వరద వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకా. కాలం వేరైనా గట్టు పొర్లడం అంటే ఏమిటో కోనసీమ లంకల్లో పిల్లలకు బొమ్మ గీసి చూపించక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు ఇంట్లో టీవీలో మోగుతుంటే బియ్యం డబ్బాలు అటక మీదకు ఎక్కడం వాళ్లు చూసే ఉంటారు. సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఆపేస్తే నర్సాపురం వెళ్లాల్సిన వాళ్లు ఒడ్డునే నిలబడిపోతారు. నది దాటలేకపోవడం అంటే అదీ. యొర్దాను నిజానికి మన గోదావరి పాయ వశిష్ఠతో పోలిస్తే చాలా చిన్న నది. పిల్లలు మాత్రం గోదావరినే ఊహించుకుంటారు. ఊహించుకోనివ్వండి, కథకు ఏ లోటూ రాదు.

మన డెల్టాలో లేనిదల్లా రాయి. ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్టకు రాయి ధవళేశ్వరం కొండ నుంచే తీశారు. 1836లో ఇంగ్లండు నుంచి ఈ డెల్టాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ ఇక్కడి తొలి మిషనరీల్లో ముఖ్యులు. ఆ ఆనకట్ట పని జరుగుతున్నప్పుడు కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పాడు. పగలంతా రాళ్లు మోసినవాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించాడో లేదో కానీ, వినిపించి ఉంటే ఆ భుజాలకు వేరే వివరణ అవసరం ఉండేది కాదు.

అందుకే క్లాసులో ఈ కథకు ముందు రాళ్లు వెతుక్కోవాలి. ఎవరో ఇల్లు కడుతుంటే అక్కడి కంకర కుప్పలోంచి పన్నెండు ఏరుకుని, కడిగి, పిల్లలు వచ్చేసరికి చాప మధ్యలో పేర్చి ఉంచుతాం. ఒక్క మాట కూడా చెప్పం. ఇదే కష్టం, టీచర్లకు నోరు ఊరుకోదు. ఒకడు వచ్చి కాలితో తంతాడు. ఒక పాప చిన్న రాయి తీసి గౌను జేబులో వేసుకుంటుంది. ఇంకొకడు నాకి చూస్తాడు. కాసేపటికి ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమండీ, ఇయ్యి ఎవరియండీ?" అప్పుడు మొదలుపెట్టాలి కథ. ఐదు నిమిషాలు చాలు. నది, దాటాల్సిన జనం, ఆగిన నీళ్లు, తలో రాయి. మా పాపల్లో ఒకతి రాయి చేత్తో తడిమి, "నీళ్లలోంచి తెస్తే తడిగా లేవేంటండీ?" అంది. ఆరిన నేల మీద నడిచి దాటారని వాక్యంలో ఉన్నది నేను చెప్పకముందే తనే పట్టేసింది. ఇంకొకడు, "దాటేశాక నీళ్లు మళ్లీ వచ్చేశాయాండీ?" అన్నాడు. వచ్చేశాయి, నాలుగో అధ్యాయం పద్దెనిమిదో వచనంలో ఉంది. గట్ల మీదుగా ఎప్పటిలాగే పొర్లాయి. పెద్దలకు చెప్పే ప్రసంగాల్లో కూడా ఈ వచనం దగ్గర ఆగేవాళ్లు తక్కువ.

ఈ ఈడు పిల్లలకు వస్తువు చేతిలో పెట్టి ఊరుకోవడం కొత్త సంగతేం కాదు. 1939లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారు వచ్చి ఇక్కడి టీచర్లకు ఇదే నేర్పింది. 1954లో రోములో సోఫియా కవల్లెట్టి ఆ పద్ధతినే బైబిలు బోధనలోకి తెచ్చి, చిన్న చిన్న చెక్క బొమ్మలతో మంచి కాపరి ఉపమానాన్ని పిల్లల ముందు పెట్టింది. ఆమె పేరు మన టౌన్లలో వినపడదు కానీ మాంటిస్సోరి పేరు ప్రతి వీధి బోర్డు మీదా ఉంటుంది. బోర్డు లోపల పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటారు, అది వేరే విషయం.

మన ప్లే స్కూళ్లకు హిందూ ఇళ్ల నుంచి, ముస్లిం ఇళ్ల నుంచి కూడా పిల్లలు వస్తారు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లవాడికీ మతబోధ తప్పనిసరి చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తోంది. ముందే అడగాలి, వద్దంటే ఆ పిల్లాడికి వేరే ఆట చూపించాలి. దీన్ని ఆటంకంగా చూసే టీచర్లున్నారు. అడిగినవాడికే చెప్పమన్న అధ్యాయం చదివాక నాకైతే అలా అనిపించదు.

ఇక నోవహు కథ. లంక పిల్లలకు దాన్ని "చెడ్డవాళ్లందరినీ దేవుడు నీళ్లలో ముంచేశాడు" అని చెప్పడం నాకు అస్సలు ఒప్పుదల కాదు. వరద వచ్చింది చెడ్డతనం వల్లేనని నాలుగేళ్లవాడు నేరుగా తన ఇంటికే అన్వయించుకుంటాడు. పోయిన ఆగస్టులో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి, అంటే మా నాన్న చెడ్డవాడా అని. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మంచివాళ్ల ఇళ్లు, చెడ్డవాళ్ల ఇళ్లు అని చూడలేదు. నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయని పాత ఇళ్లవాళ్లు గోడ మీద ఇప్పటికీ చెయ్యి పెట్టి చూపిస్తారు. మనవడు "ఇదేంటి తాతా?" అనే అడుగుతాడు, తాత చెప్తాడు. మన గిల్గాలు అదే. నోవహు కథను జంతువులతో, ఓడ లోపల ఉన్నవాళ్లను దేవుడు జ్ఞాపకం చేసుకోవడంతో చెప్పి, తీర్పు సంగతి పదేళ్లు నిండాక చెప్పుకోవచ్చు.

యొర్దాను కథ చెప్పిన రోజున మాత్రం ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. "మా గేదె దూడ కొట్టుకుపోయినప్పుడు నీళ్లు ఎందుకు ఆగలేదండీ?" యెహోషువ ఇచ్చిన జవాబులో దీనికి జవాబు లేదు. అక్కడ చెప్పమన్నది ఆ రాళ్ల గురించే. "దేవుడికి ఏదో ప్లాన్ ఉంది నాన్నా" అని పంపేయడం సులువే, పిల్లాడు తల ఊపేస్తాడు, మళ్లీ అడగడు. మా క్లాసులో ఆ ప్రశ్నను చివరి ప్రార్థనలో వాడి చేతే, వాడి మాటల్లోనే దేవుణ్ణి అడిగిస్తాం. పదో కీర్తన "ఎందుకు" అనే మొదలవుతుంది కదా. వాడు కళ్లు మూసుకోకుండానే గట్టిగా అడిగేస్తాడు, మిగతా పిల్లలు ఆమెన్ అంటారు. తర్వాతి వారం వచ్చి, "యేసయ్య చెప్పాడాండీ?" అంటాడు. ఇంకా లేదురా, ఈ వారం కూడా అడుగుదాం అంటాం.