రాత్రి బడిలో పుట్టిన గ్రీకు అక్షరాలు

అమెరికా కాలేజీల్లో పేరుకు గ్రీకు అక్షరాలు తగిలించుకున్న సంఘమంటే కుర్రకారు పార్టీలే చాలామందికి గుర్తొస్తాయి. బిజినెస్ ఫ్రెటర్నిటీల, అంటే వ్యాపార విద్య చదివే విద్యార్థుల వృత్తి సంఘాల, పుట్టుక వేరు.

1896లో న్యూయార్క్ రాష్ట్రం సీపీఏ (అకౌంటెంట్) లైసెన్సుకు చట్టం తెచ్చింది. లైసెన్సుకు పరీక్ష పెట్టారు సరే, పాఠం చెప్పేదెవరు? 1900లో న్యూయార్క్ యూనివర్సిటీ కామర్స్, అకౌంట్స్, ఫైనాన్స్ స్కూలు తెరిచింది. పగలు ఉద్యోగం, రాత్రి క్లాసు. క్లాసయ్యాక బ్రూక్లిన్ వంతెన మీదుగా ఇళ్లకు నడిచే నలుగురి మాటల్లో మొలకెత్తింది ఆల్ఫా కప్పా సై. 1904 అక్టోబరు 5న మొత్తం పదిమంది కలిసి దాన్ని స్థాపించారు. మూడేళ్లకు, 1907 నవంబరు 7న, అదే స్కూల్లో మరో నలుగురు ‘డెల్టా సిగ్మా పై’ మొదలుపెట్టారు. (చివరి ‘పై’ గ్రీకు అక్షరం, మన విభక్తి కాదు.)

రెండూ మగవాళ్లవే. అమ్మాయిలు ఊరుకోలేదు: 1924లోనే ఫై గామా ను, ఫై కై థీటా వచ్చాయి. అసలు మలుపు 1972 నాటి టైటిల్ నైన్ చట్టం. లింగభేదం చూపకూడదన్న ఆ నియమం నుంచి 1974లో సోషల్ ఫ్రెటర్నిటీలకు, అంటే స్నేహాలకూ పార్టీలకూ పెట్టుకున్న సంఘాలకు, మినహాయింపు దొరికింది. ఇలాంటి ప్రొఫెషనల్ (వృత్తి) సంఘాలకు దొరకలేదు. వృత్తికి దారి చూపే సంఘం సగంమందిని బయట నిలబెడితే నష్టం ఉద్యోగాల దాకా వెళ్తుంది కాబట్టి, నా లెక్కలో అది సబబే. డెల్టా సిగ్మా పై 1975లో, ఆల్ఫా కప్పా సై 1976లో మహిళలకు తలుపు తెరిచాయి. ఈ మార్పు వాటంతటవే చేసినట్టు చెప్పుకోవడం మాత్రం కొంచెం అతి.

చేరే పద్ధతి పెద్దగా మారలేదు. సెమిస్టర్ మొదట్లో రష్, అంటే పరిచయ సభలు, ఇంటర్వ్యూలు. తర్వాత సభ్యులు ఓటేసి బిడ్, అంటే చేరమని ఆహ్వానం, ఇస్తారు. ప్లెడ్జ్‌గా, అంటే ఇంకా పూర్తి సభ్యత్వం రాని కొత్తవాడిగా, కొన్ని వారాలు సంఘ చరిత్ర, నియమాలు చదవాలి, చివర్లో దీక్ష. సోషల్ ఫ్రెటర్నిటీలో ఉన్నా ఇందులో చేరొచ్చు. రెండు బిజినెస్ ఫ్రెటర్నిటీల్లో మాత్రం కుదరదు.

చాప్టర్లు, అంటే ఒక్కో కాలేజీలోని శాఖలు, మూతపడేది ఎక్కువగా పదవుల మార్పిడి దగ్గర. అధ్యక్షుడు, కోశాధికారి ఒకే ఏడాది డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతారు. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందో తెలీదు, జాతీయ కార్యాలయానికి కట్టాల్సిన చందా బాకీ పడుతుంది. డెల్టా సిగ్మా పై 1931లోనే చాప్టర్ల పనితీరుకు మార్కులు వేసే పట్టిక పెట్టుకుంది. కొత్త కోశాధికారిని పాతవాడు వెళ్లడానికి ఒక సెమిస్టర్ ముందే పక్కన కూర్చోబెడితే సగం గొడవ తప్పుతుంది.