షికాగో డౌన్‌టౌన్: పూటకు ఒకటే టికెట్టు

చెల్లెలు వాళ్లుండేది షికాగో శివారు నేపర్‌విల్‌లో. ఈ వేసవి నా మకాం కూడా అక్కడే కాబట్టి, వీలు దొరికినప్పుడల్లా రైలెక్కి షికాగో డౌన్‌టౌన్‌కి వెళ్లి ఒక్కో ముక్కా చూసి వస్తున్నాను. పెద్ద ఊళ్ల నడిబొడ్డు కాలినడకన తిరగడం నాకు ఎప్పటినుంచో ఉన్న సరదా. ఇంతవరకూ ఏవి అయ్యాయి, ఏవి మిగిలాయి, ఎక్కడ ఎంతసేపు పడుతుంది అన్నది రాసి పెట్టుకుంటున్నాను. నియమం ఒకటే: ఒక పూటలో డబ్బిచ్చి లోపలికెళ్లేది ఒక్కచోటికే. మిగతాదంతా నడక. నాలుగైదు చోట్లకు కలిపి అమ్మే పాసులు ఉన్నాయి, లెక్క వేస్తే చవకే. కానీ అవి కొన్నాక గిట్టుబాటు చేసుకోవాలన్న ఆరాటంలో ఒక క్యూలోంచి ఇంకో క్యూలోకి పరిగెత్తడమే సరిపోతుంది. రెండు రోజులే ఉండేవాళ్లకి అవి నయం. నాకు కాదు.

ముందు దారి సంగతి

నేపర్‌విల్‌లో మెట్రా అనే శివారు రైలెక్కితే దిగేది యూనియన్ స్టేషన్‌లో. పనిదినాల్లో ఎక్స్‌ప్రెస్‌లు ఉంటాయి. శని, ఆదివారాల్లో రోజంతా చెల్లే పాసు దొరుకుతుంది గానీ రైలుకీ రైలుకీ మధ్య ఎడం ఎక్కువ. అందుకే తిరుగు రైలు టైము ముందే చూసుకుని, దాన్నిబట్టి పూట ఎలా గడపాలో అనుకుంటాను. రైలు దిగగానే బయటపడే తొందరలో చాలామంది స్టేషన్‌లోని గ్రేట్ హాల్‌ని వదిలేస్తారు. 1925 నాటి హాలు, పైన పొడవాటి గాజు కప్పు, కింద చెక్క బెంచీలు. పది నిమిషాలు కూర్చుంటే చాలు. విమానం దిగి నేరుగా వచ్చేవాళ్లకైతే ఓహేర్ నుంచి బ్లూ లైన్ రైలు రాత్రీ పగలూ నడుస్తుంది. మన బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకిస్తే చాలు.

చిరునామాల లెక్క ఒకసారి బుర్రకెక్కితే ఫోన్ తీయాల్సిన పని సగం తగ్గుతుంది. స్టేట్ వీధి, మాడిసన్ వీధి కలిసే మూలే ఊరంతటికీ సున్నా. అక్కణ్ణుంచి ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అంకెలు పెరుగుతూ పోతాయి. మామూలుగా 800 అంకెలు దాటితే ఒక మైలు. దక్షిణం వైపు మొదటి మైలు మాత్రం ఈ లెక్కకు లొంగదు, అక్కడ 1200 దాకా పోతుంది. ఈ లెక్కను వెక్కిరించేది ఒక్క వాకర్ డ్రైవే. అది నది వంపు వెంట తిరుగుతుంది కాబట్టి దానికి నాలుగు దిక్కుల పేర్లూ ఉన్నాయి, పైగా కింద ఇంకో రోడ్డు. కింది రోడ్డులో జీపీఎస్ పిచ్చి లెక్కలు చెబుతుంది. క్యాబ్ పిలిచేవాళ్లు పై రోడ్డులో నిలబడి పిలవడం మంచిది.

నది: అయింది, అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే

పడవ ప్రయాణాన్ని చివరిరోజు సాయంత్రానికి దాచుకుంటారు చాలామంది. నా మాట వింటే మొదటిరోజే ఎక్కండి. ఆ గంటన్నరలో విన్నదంతా తరవాత వీధుల్లో నడుస్తున్నప్పుడు పనికొస్తుంది. షికాగో ఆర్కిటెక్చర్ సెంటర్ వాళ్ల పడవలు మిషిగన్ అవెన్యూ వంతెన పక్కనుంచి బయల్దేరతాయి. పడవలో ఒక వాలంటీరు నిలబడి ఆపకుండా చెబుతూనే ఉంటారు. పై డెక్ మీద నీడ ఉండదు, కాబట్టి టోపీ తప్పనిసరి. సరస్సు గాలి కొడితే జూన్‌లో కూడా చలేస్తుంది, పల్చటి జాకెట్టు ఒకటి సంచిలో పడేసుకోవాలి.

నది గురించి విన్నవాటిలో నా మనసుకి పట్టింది దాని దిక్కు మార్చిన కథ. ఈ నది ఒకప్పుడు మిషిగన్ సరస్సులోకి పారేది. ఊరి మురికంతా నదిలోకి, నదిలోంచి సరస్సులోకి. తాగే నీళ్లూ ఆ సరస్సువే. అందుకని కాలువ తవ్వి 1900లో నదినే వెనక్కి తిప్పారు. ఇప్పుడది సరస్సులోంచి బయల్దేరి అవతలి వైపుకి పోతుంది. ఇది తెలిశాక ఊరి తీరే వేరుగా కనిపిస్తుంది. నది అడ్డొస్తే నదినే తిప్పినవాళ్లు, స్థలం చాలకపోతే ఏం చేస్తారో ఊహించొచ్చు. 150 నార్త్ రివర్‌సైడ్ అనే 54 అంతస్తుల భవనం దగ్గర పడవ నెమ్మదిస్తుంది. ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క నది. మధ్యలో మిగిలిన చోటులో 39 అడుగుల వెడల్పు అడుగు మీద దాన్ని నిలబెట్టారు, పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. గాలికి ఊగకుండా పైన నీళ్ల తొట్లు పెట్టారట. కాస్త ముందుకెళ్తే మెరీనా సిటీ, మొక్కజొన్న పొత్తుల్లాంటి జంట టవర్లు. కింది 19 అంతస్తులూ కార్ల పార్కింగే, అంచున కార్లు వరసగా కనిపిస్తాయి. ఫొటోలు దీనికే ఎక్కువ పడ్డాయి.

పడవ దిగాక అదే వంతెన దాటి ట్రిబ్యూన్ టవర్ దాకా నడవండి. 1925 నాటి భవనం. బయటి గోడలో ప్రపంచంలోని పేరున్న కట్టడాల రాతి ముక్కలు పొదిగారు, ఒక్కోదాని కింద పేరు చెక్కి ఉంటుంది. తాజ్‌మహల్ ముక్క కూడా ఉంది. ఇవన్నీ ఎవరిని అడిగి తెచ్చుకున్నారో గానీ, వెతికి చదవడం సరదాగానే ఉంటుంది. టికెట్టు లేదు, గేటు లేదు. గోడ చుట్టూ తిరగడమే.

మిలీనియం పార్కు, పక్కనే ఉన్న కల్చరల్ సెంటర్: అయ్యాయి

బీన్ అని అందరూ పిలిచే అనీష్ కపూర్ శిల్పం అసలు పేరు క్లౌడ్ గేట్. 168 స్టీలు పలకల్ని అతికి, అతుకులు కనబడకుండా నునుపు పట్టారు. బరువు 110 టన్నులు. పొద్దున్నే వెళ్తే మీ నీడ మీకు దొరుకుతుంది, మధ్యాహ్నమైతే వేరేవాళ్ల సెల్ఫీ కర్రలే కనిపిస్తాయి. దూరంగా నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా కింది వంపులోకి దూరి తలెత్తి చూడాలి. పక్కన క్రౌన్ ఫౌంటెన్‌లో 50 అడుగుల గాజు స్తంభాలు రెండు. వాటి మీద షికాగో వాసుల ముఖాలు మారుతుంటాయి, ఉండుండి ఆ నోట్లోంచి నీళ్లు చిమ్ముతాయి. పిల్లలతో వెళ్తే ఒక జత బట్టలు అదనంగా తీసుకెళ్లాల్సిందే. మనం నడిచే ఈ పార్కంతా కింద ఉన్న రైలు పట్టాల మీద, కార్ల పార్కింగ్ మీద వేసిన తోట. 2004లో తెరిచారు.

రోడ్డు దాటితే షికాగో కల్చరల్ సెంటర్. నన్నడిగితే డౌన్‌టౌన్‌లో అన్నిటికన్నా తక్కువ పేరున్నదీ, ఎక్కువ విలువున్నదీ ఇదే. 1897లో పబ్లిక్ లైబ్రరీగా కట్టారు. పై అంతస్తులో 38 అడుగుల వెడల్పున్న టిఫనీ కంపెనీ వాళ్ల రంగు గాజు గుమ్మటం ఉంది. ప్రవేశం ఉచితం. మెట్లకీ గోడలకీ పొదిగిన మొజాయిక్ కోసం ఒక అరగంట ఉంచుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, శుభ్రమైన బాత్రూంలు ఉన్నాయి. డౌన్‌టౌన్‌లో రోజంతా తిరిగే నా వయసు వాళ్లకి ఇది గుమ్మటంతో సమానమైన సమాచారం.

విల్లిస్ టవర్: అయింది

యూనియన్ స్టేషన్ నుంచి నడిచేంత దగ్గర. 110 అంతస్తులు, 1,450 అడుగులు. 1998 దాకా ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తైన భవనం లేదు. దీని నిర్మాణాన్ని లెక్కగట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రెహమాన్ ఖాన్, పుట్టింది ఢాకాలో. తొమ్మిది చదరపు గొట్టాలను కట్టగా నిలబెట్టాలన్నది ఆయన ఆలోచన. విడివిడిగా గాలికి వంగేవి కలిసి ఉంటే నిలబడతాయి. లోపలికి వెళ్లేముందు ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడి ఆ గొట్టాలను లెక్కబెట్టండి. కొన్ని 50వ అంతస్తులో ఆగిపోతాయి, కొన్ని 66లో, కొన్ని 90లో. చివరిదాకా పోయేవి రెండే. ఇది చూడకుండా లిఫ్టెక్కితే సగం మజా పోతుంది.

103వ అంతస్తులో స్కైడెక్, అంటే ఊరిని పైనుంచి చూసే చోటు. గోడలోంచి నాలుగడుగులకు పైగా బయటికి పొడుచుకొచ్చిన గాజు గదులు ఉన్నాయి, కాళ్ల కింద కూడా గాజే. అక్కడ నిలబడడానికి ఒక్కో కుటుంబానికీ ఇచ్చేది కొద్ది సమయమే, కాబట్టి ఫోన్ ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. చెల్లెలు నేల మీది గీత దగ్గరే ఆగిపోయి "అక్కా, నువ్వు వెళ్లు, నేను ఇక్కణ్ణుంచి తీస్తా" అంది. ఫొటో బాగానే వచ్చింది. టికెట్టు ఆన్‌లైన్‌లో టైముతో సహా కొనాలి, అయినా సెక్యూరిటీ దగ్గరా లిఫ్టు దగ్గరా ఆగాల్సి వస్తుంది. మొత్తం రెండు గంటలు వేసుకోండి. మబ్బు పట్టిన రోజైతే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. వాతావరణం చూసి ముందురోజు రాత్రి కొనడమే నేను చేసింది.

ఇంకో ఎత్తైన డెక్ ఉత్తరాన పాత జాన్ హాన్‌కాక్ భవనంలో ఉంది, 94వ అంతస్తు. అదీ ఖాన్ లెక్కలు కట్టిన భవనమే. సరస్సు ఒడ్డు వంపు చూడాలంటే అదే మేలంటారు. రెండిట్లో ఒకటి చాలు అనిపించి దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్: సగమే అయింది

ఈ కళల మ్యూజియం మంగళ, బుధవారాల్లో మూసి ఉంటుంది. గురువారం రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది. మిషిగన్ అవెన్యూ మీద కంచు సింహాల మధ్యనుంచి వెళ్తే క్యూ పెద్దది. మన్రో వీధి వైపు మోడరన్ వింగ్ ద్వారం దగ్గర నేను వెళ్లినప్పుడు తేలిగ్గా ఉంది. భుజాన వేసుకునే బ్యాగును ముందుకు తగిలించుకోమంటారు, పెద్దవైతే అప్పజెప్పి వెళ్లాలి.

మనవాళ్లు ఈ భవనం ముందు ఆగడానికి ఇంకో కారణం ఉంది. 1893 సెప్టెంబర్ 11న సర్వమత మహాసభలో వివేకానందుడు మాట్లాడింది ఇక్కడే. ముందున్న రోడ్డుకి ఆయన పేరుతో గౌరవ బోర్డు ఉంది, స్తంభం మీద చూడండి. లోపల ఆసియా గ్యాలరీల్లో నాగపట్నం నుంచి వచ్చిన పన్నెండో శతాబ్దపు రాతి బుద్ధుడు కూర్చుని ఉంటాడు. అక్కడ జనం పల్చగా ఉంటారు. ఫ్రెంచి చిత్రకారుడు సెరా చుక్కలతో వేసిన ఆదివారం బొమ్మ దగ్గరా, అమెరికన్ చిత్రకారుడు హాపర్ గీసిన అర్ధరాత్రి హోటల్ దగ్గరా మాత్రం వెనక నిలబడి తలల మధ్యలోంచి చూడాల్సిందే. సెరా బొమ్మను ముందు దూరంనుంచి, తరవాత ముక్కు ఆనేంత దగ్గరినుంచి చూస్తే చుక్కల లెక్క అర్థమవుతుంది. ముక్కు ఆనించకండి, గార్డు వస్తాడు.

క్లుప్తంగా కొన్ని

బ్రౌన్ లైన్ రైలు ఎక్కి డౌన్‌టౌన్ చుట్టూ ఒక చుట్టు తిరగండి. 1897 నుంచి ఉన్న ఈ పై పట్టాల మీద, పై అంతస్తుల కిటికీల పక్కనుంచి పోతుంది. ఖర్చు ఒక్క రైలు ఛార్జీ. మొనాడ్‌నాక్ భవనం ఉత్తర సగం 16 అంతస్తులూ ఇటుక గోడల మీదే నిలబడింది, అందుకే కింద గోడ ఆరడుగుల మందం. విల్లిస్ చూసిన రోజే దీన్నీ చూస్తే తేడా కళ్లకు కడుతుంది. బకింగ్‌హామ్ ఫౌంటెన్ వేసవిలో గంట గంటకీ ఎగసిపడుతుంది, చీకటి పడ్డాక రంగు లైట్లు. సరస్సులోకి కట్టిన నేవీ పియర్ మాత్రం నాకు రుచించలేదు. పిల్లలుంటే జెయింట్ వీల్ కోసం వెళ్లొచ్చు, లేకపోతే ఆ టైము నది ఒడ్డున రివర్‌వాక్ మీద నడవడానికి వాడుకోండి.

మిగిలినవి: రూకరీ భవనం లాబీ (ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1905లో తిరిగి దిద్దినది, పనిదినాల్లో వెళ్లాలి), పికాసో శిల్పం ఉన్న డేలీ ప్లాజా, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండో సగం. రూకరీ, డేలీ ప్లాజా రెండూ నడక దూరమే, రెండిటికీ టికెట్టు లేదు. వచ్చే గురువారం మధ్యాహ్నం రైలుకి వెళ్లి ముందు ఆ రెండూ ముగించి, సాయంత్రం ఎనిమిది దాకా గ్యాలరీల్లో ఉండి, ఆ తరవాత రైలుకి తిరిగి రావాలని అనుకుంటున్నాను.