మా పీజీకి టీబీ మేడమ్ వచ్చిన రోజు

బెంగళూరు మారతహళ్లిలో 11 ఏళ్లుగా అబ్బాయిల పీజీ నడుపుతున్నాం. మూడో అంతస్తు ఫోర్ షేరింగ్ గదిలో ఉండే కర్నూలు అబ్బాయి నెల పైగా దగ్గుతూనే ఉన్నాడు. దగ్గర్లోని ఓ క్లినిక్‌లో రెండుసార్లు దగ్గు మందు రాసిచ్చి పంపారు. నేనూ మిరియాల పాలు కాచి ఇచ్చాను. ఒకరోజు మేకుతో బెల్టుకు కొత్త కన్నం పొడుచుకుంటూ కనిపించాడు. గుండె గుభేలుమంది. పెద్దాసుపత్రికి వెళ్లమని ఆ పూటే తరిమాను. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 60 మంది ఉండే పీజీ. విషయం పొక్కితే వారంలో ఖాళీ అవుతుందని భయం. ఊరికి పంపేద్దామన్నారు మా ఆయన. కాదనడానికి నాకు నోరు రాలేదు.

మూడోరోజు ఆరోగ్య కేంద్రం నుంచి ఫోన్. "మీ దగ్గరికి రావాలండీ" అన్నారు. వీళ్లకెవరు చెప్పారని ఒళ్లు మండింది. టీబీ అని తేలితే ప్రైవేటు డాక్టరైనా సర్కారుకు తెలపాల్సిందేనని 2012 నుంచే రూలుందట. టీబీ రోగుల వివరాలు ఎక్కించే సర్కారు నిక్షయ్ పోర్టల్‌లో పేరెక్కితే రోగి ఉండే ప్రాంతపు సిబ్బందికి తెలిసిపోతుంది.

వచ్చినావిడ కోలారు వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడింది. తెల్లకోటు లేదు, బోర్డున్న బండి లేదు. స్కూటీ, భుజాన సంచి, అంతే. గదిలోకి రాగానే మంచాల వైపు చూడలేదు, కిటికీ దగ్గరికి నడిచింది. ఏసీ చల్లదనం పోకుండా దానికి థర్మాకోల్ అడ్డంపెట్టి చుట్టూ టేపు వేయించాం. ఆవిడ ఆ టేపు అంచుని గోరుతో లేపి, "ఇది పీకేయండక్కా. ఈ జబ్బు కంచాల్లో రాదు, గాలిలో వస్తుంది" అంది. అప్పటికే ఆ అబ్బాయి కంచం అడుగున ఎర్ర పెయింటు చుక్క పెట్టేశాను. ఆవిడ వెళ్లగానే కూర్చుని గీకేశాను.

"ఊరికి పంపేస్తే?" అని అడిగాను.

"రాత్రంతా బస్సులో పక్కనోళ్లు ఆ గాలే పీలుస్తారక్కా. అక్కడికెళ్లి మాత్రలు మానేస్తే మందులకు లొంగని మొండి టీబీ అవుతుంది. మందు సరిగ్గా పడితే రెండు వారాల్లో అంటించే గుణం చాలావరకు తగ్గిపోతుంది."

మేడ మీది గది ఖాళీ చేసి అందులో ఉంచాం.

పేరు బయటపెట్టనని ఆవిడ అతనికి మాటిచ్చింది. చివరికి తనే గదిలోవాళ్లకి చెప్పుకున్నాడు. ఆ ముగ్గురికీ కళ్లె పట్టడానికి మేడమ్ తలా ఒక డబ్బా ఇచ్చింది. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి తీయాలి, ఉత్త ఉమ్మి పనికిరాదు. ఎక్స్‌రేలు కూడా తీయించారు. ఆ ముగ్గురిలో ఒకడు రోజూ జిమ్‌కి వెళ్లేవాడు, ఒక్కసారి దగ్గగా నేను వినలేదు. వాడి ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించింది, కళ్లెలోనూ టీబీ ఉంది. ఆవిడ రాకపోతే వాడు ఇంకో నాలుగు నెలలు అదే గదిలో పడుకునేవాడు. తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. మిగతా ఇద్దరికీ జబ్బు లేదు. అయినా ముందుముందు రాకుండా వారానికొకసారి చొప్పున 12 వారాలు మందు మింగించారు. దేనికీ పైసా తీసుకోలేదు.

జబ్బుపడ్డ ఇద్దరికీ ఆర్నెల్ల కోర్సు. మొదట్లో ఒంటేలు నారింజ రంగులో వస్తోందని కర్నూలు అబ్బాయి తెల్లవారుజామున తలుపు కొట్టాడు. అది మందు రంగేనని మేడమ్ ముందే చెప్పింది కాబట్టి ధైర్యం చెప్పగలిగాను. తిండికి నెలకు 1000 రూపాయలు సర్కారు ఖాతాలో వేస్తుంది. నా వంతుగా రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి ఇచ్చాను.

పీజీ వదిలి వెళ్లింది ఒక్కడే. మిగతావాళ్లు ఉన్నారు. కిటికీలన్నిటికీ దోమల జాలీలు బిగించి రెక్కలు తెరిచే ఉంచుతున్నాను. కరెంటు బిల్లు చూసి మా ఆయన సణుగుతారు. మూయనివ్వడం లేదు.